సైంధవమంటే ఉప్పా, గుఱ్ఱమా? సూర్యుని కిరీటపు వేడిని చదివే విద్య

అలంకారశాస్త్రం గురుముఖతః చదువుకున్న ప్రతివాడూ మొదటి రోజులలోనే వినే ఉదాహరణం ఒకటి ఉన్నది. యజమాని సేవకుని పిలిచి "సైంధవం తెమ్ము" అంటాడు. సైంధవమంటే ఉప్పు. సైంధవమంటే సింధుదేశపు గుఱ్ఱం కూడా. విస్తరి ముందు కూర్చున్నవాడు అడిగితే ఉప్పు తేవాలి. తలపాగా చుట్టుకొని ప్రయాణానికి సిద్ధమైనవాడు అడిగితే గుఱ్ఱం తేవాలి. మాట ఒక్కటే, దాని అర్థాన్ని తేల్చేది ప్రకరణం. భోజనాల వేళ గుఱ్ఱాన్ని తెచ్చి నిలబెట్టిన సేవకునికి నిఘంటువు వచ్చు గాని చదవడం రాదు.

ముప్పై యేళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సూ సంధులూ చెప్పి విశ్రాంతి పొందిన నాకు ఈ సైంధవం మళ్ళీ ఎదురైనది కావ్యంలో కాదు, సూర్యునిలో. క్ష-కిరణ దూరదర్శినులు సూర్యుని కిరీటాన్ని చిత్రిస్తున్నవని, ఆ చిత్రాల నుండి అక్కడి ప్లాస్మా ఎంత వేడిగా ఉన్నదో చెబుతారని చదివినప్పుడు, అది ఎట్లా సాధ్యమో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్న కొద్దీ అది మన వ్యాఖ్యాతల పనికి అంత దూరమైనది కాదనిపించింది. ఆ సంగతి మిత్రులతో పంచుకోవడానికే ఈ టపా.

ముందుగా మాటల సంగతి. సూర్యబింబం చుట్టూ, సంపూర్ణ గ్రహణ వేళ మాత్రమే కంటికి కనబడే తెల్లని కాంతిని ఆంగ్లంలో కరోనా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు కిరీటమని అర్థం. 2020 తరువాత ఆ మాట వింటేనే జనం ఉలిక్కిపడుతున్నారు కనుక నేను "కిరీటం" అనే వ్రాస్తాను. ప్లాస్మాను ప్లాస్మాగానే ఉంచుతాను. పరమాణువుల నుండి ఎలక్ట్రానులు ఊడిపోయి, విద్యుదావేశం గల రేణువుల గుంపుగా మారిన పదార్థమది. ఫిల్టరుకు మనకు వడపోత ఉండనే ఉన్నది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 నింగికెగసిన తరువాత మా వనపర్తి దగ్గరి ఒక పల్లె బడిలో పిల్లలతో మాట్లాడవలసి వచ్చింది. సూర్యుని ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్ అనీ, దానికి పైనున్న కిరీటం పది లక్షల డిగ్రీలను మించి ఉంటుందనీ చెప్పగానే, వెనుక వరుసలోని ఒక ఆడపిల్ల లేచి అడిగింది: "పొయ్యికి దూరం జరిగితే సెగ తగ్గుతది గద సార్. సూర్యుని కాడ దూరం పోతే ఎక్కువైతదంటున్నరు. ఎవరన్న పోయి చూసిండ్రా?"

రెండు ప్రశ్నలున్నవి ఇందులో. వేడి ఎందుకు పెరుగుతున్నదన్నది ఒకటి, పెరుగుతున్నదని మనకెట్లా తెలిసిందన్నది రెండు. "శాస్త్రజ్ఞులు చెప్పారమ్మా" అని ఊరుకోవచ్చు. కాని ఆ సమాధానం నా నోట రాలేదు. కారణం చెప్పాలంటే 1980 ఫిబ్రవరి 16కు వెళ్ళాలి.

ఆనాడు శనివారం. మధ్యాహ్నం మూడున్నర దాటాక సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుని నీడ కర్ణాటక తీరం నుండి రాయచూరు సీమ మీదుగా వచ్చి, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాను దాటి, ఒరిస్సా తీరం వైపు సాగింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఆ నీడ దారిలోనే ఉన్నవి. రెండు నిమిషాలకు పైగా మా తలల మీద సూర్యకిరీటం విప్పారి ఉన్నది. సూర్యుడు మచ్చలతో ఉద్ధృతంగా ఉన్న కాలమది కనుక కిరీటం బింబం చుట్టూ అన్ని వైపులా పూరేకుల వలె పరచుకొని ఉండినది. మనకు దగ్గరలోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల నుండి శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు. మా గద్వాలలో మాత్రం వీధులు నిర్మానుష్యం. నేను కుఱ్ఱవాణ్ణి. ఇంట్లో అందరం తలుపులు బిగించుకొని కూర్చున్నాము. "ఎందుకు చూడగూడదు?" అంటే "పెద్దలు చెప్పారు" అన్నారు. పెంకుల సందులోంచి పడే వెలుగు చుక్క మాత్రం తలుపులను లెక్కపెట్టలేదు. నేలమీద అది చిన్న నెలవంక అయింది, క్రమంగా సన్నబడింది, తరువాత మాయమైంది. సూర్యుడు తన బొమ్మను తానే లోపలికి పంపించాడని అప్పుడు నాకు తెలియదు.

కంటికి రక్షణ లేకుండా సూర్యుని చూడరాదన్నది సత్యమే. మా ఇంటివారి భయంలో ఆ సత్యం కొంత ఉన్నది. కాని కారణం చెప్పని సత్యం మూసిన తలుపు వంటిది. "పెద్దలు చెప్పారు" అన్న మాటకూ "శాస్త్రజ్ఞులు చెప్పారు" అన్న మాటకూ, వినే పిల్లకు తేడా ఏమున్నది? తేడా ఒక్కటే ఉండాలి: రెండవవారు తాము ఎట్లా తెలుసుకున్నారో చూపగలగాలి. ఆ చూపడమే ఇక్కడ నా ప్రయత్నం.

ఈ కథకు మొదటి అధ్యాయం కూడా మన నేల మీదనే నడిచింది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ గ్రహణం బిజాపూర్ ప్రాంతం నుండి గుంటూరు, మచిలీపట్నం వైపు సాగింది. నడుమ మా సీమ ఉన్నది కనుక, సంస్థానాల కాలంలో కూడా ఈ మూడు ఊళ్ళ మీద ఆ నీడ పడింది. గుంటూరులో ఫ్రాన్సు దేశపు జాన్సెన్, ఆంగ్లేయుల తరఫున టెన్నెంట్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ వర్ణపటదర్శినులతో కాచుకొని కూర్చున్నారు. బింబపు అంచున లేచే జ్వాలల కాంతిని పట్టకం ద్వారా విడదీస్తే మెరిసే గీతలు కనబడినవి. మెరిసే గీతలంటే అది వేడెక్కిన వాయువన్న మాట. జాన్సెన్ మరునాడే గ్రహణం లేకుండా కూడా ఆ గీతలను చూడగలిగాడు. ఆ జ్వాలల పసుపు గీత భూమి మీద ఎరిగిన ఏ మూలకానిదీ కాదని తరువాత తేలి, సూర్యుని గ్రీకు పేరు మీద హీలియమన్న మాట పుట్టింది. 1895లో రామ్సే దానిని భూమి మీద పట్టుకునేవరకూ అది సూర్యుని సొత్తే.

మరుసటి యేడు, 1869లో, అమెరికాలోని గ్రహణ సమయాన కిరీటంలో ఒక ఆకుపచ్చ గీత కనబడింది. అదీ ఎవరికీ తెలియని గీతే. అలవాటు చొప్పున దానికీ కొత్త మూలకమని పేరు పెట్టి కరోనియమన్నారు. ఏడు దశాబ్దాలు ఆ మూలకం కోసం వెదకినా దొరకలేదు. 1939లో జర్మనీకి చెందిన గ్రోట్రియన్ చూపిన దారిని పట్టి, 1940ల ఆరంభంలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎడ్లెన్ గుట్టు విప్పాడు. అది కొత్త మూలకం కాదు, మన ఇనుమే. తనకున్న 26 ఎలక్ట్రానులలో 13 పోగొట్టుకున్న ఇనుము. అన్ని ఎలక్ట్రానులు ఊడాలంటే పరిసరాలు పది లక్షల డిగ్రీలను మించి ఉండాలి. కిరీటం అంత వేడిదని లోకానికి తెలిసిన విధం ఇది. ఎవ్వరూ పోయి చూడలేదు. ఇనుము అక్కడి నుండి తన అవస్థను కాంతిలో వ్రాసి పంపింది.

అంత వేడిగల పదార్థం తన కాంతిని ముఖ్యంగా క్ష-కిరణాలుగానూ, వాటి పొరుగున ఉన్న తీవ్ర అతినీలలోహిత కిరణాలుగానూ వెదజల్లుతుంది. మన వాతావరణం వాటిని నేలకు రానీయదు. అందువల్ల పరికరాలను ఆకాశానికి పంపాలి. మా ఇంటి తలుపులు మూసుకోవడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, 1980 ఫిబ్రవరి 14న, అమెరికావారు సోలార్ మాగ్జిమమ్ మిషన్ అనే ఉపగ్రహాన్ని ప్రయోగించారు. సూర్యుని విస్ఫోటాలను క్ష-కిరణాలలో వేర్వేరు శక్తి పట్టీలుగా విడదీసి చూసే పరికరాలు అందులో ఉన్నవి. ఈ సంగతి చదివిన రోజు చాలాసేపు ఊరకే కూర్చుండిపోయాను.

ఇక అసలు విషయం. క్ష-కిరణ దూరదర్శినిలో పడే చిత్రం రంగులది కాదు. ఎక్కడ ఎంత ప్రకాశమున్నదో మాత్రమే చెబుతుంది. ఒకచోట ఎక్కువ ప్రకాశం కనబడిందనుకోండి. అక్కడ ప్లాస్మా ఎక్కువ వేడిగా ఉన్నదా, లేక ఎక్కువ దట్టంగా ఉన్నదా? రెండింటిలో ఏదైనా కావచ్చు. పైగా సాంద్రత రెండింతలైతే ప్రకాశం నాలుగింతలవుతుంది. ఎందుకంటే ఎలక్ట్రానూ, అయానూ తారసపడితేనే కాంతి పుడుతుంది, రెండూ రెండింతలైతే తారసపడే అవకాశాలు నాలుగింతలు. కనుక ఒక్క చిత్రంతో వేడిని తేల్చలేము.

ఆ బడిలో పిల్లలకు నేను రెండు జల్లెడలు తెప్పించి చూపించాను. ఒకటి ముతకది, ఒకటి సన్నది. నూకలూ బియ్యమూ కలిసిన రాశిని ఒకే ఒక్క జల్లెడ పట్టి, కిందికి ఎంత జారిందో మాత్రమే చెబితే, రాశిలో నూకలెక్కువో, రాశే పెద్దదో తెలియదు. అదే రాశిలో సమాన భాగాలను రెండు జల్లెడలలోనూ పడితే, సన్నదాని నుండి 1 పాలు, ముతకదాని నుండి 4 పాళ్ళు జారినవనుకుందాము. రాశి తవ్వెడైనా బస్తాడైనా ఈ 1కి 4 అన్న నిష్పత్తి మారదు. నిష్పత్తి మారిందంటే గింజల కలయికే మారిందన్న మాట. పరిమాణం కొట్టుకుపోయింది, స్వభావం మిగిలింది.

క్ష-కిరణ దూరదర్శినిలో జల్లెడలంటే పలుచని లోహపు రేకులు. జల్లెడలో చిన్నది జారుతుంది. ఇక్కడ తలకిందులు, బలమైన కిరణమే రేకును దాటుతుంది. పలుచని అల్యూమినియం రేకు బలహీన కిరణాలను కూడా చాలావరకు వదులుతుంది. మందమైన బెరీలియం రేకు వాటిని ఆపి, శక్తిమంతమైన వాటినే పంపుతుంది. పది లక్షల డిగ్రీల ప్లాస్మా వెలువరించే వాటిలో బలహీన కిరణాలే హెచ్చు. కోటి డిగ్రీల ప్లాస్మాలో బలమైనవి పెరుగుతవి. కనుక వేడి పెరిగే కొద్దీ మందపు రేకులోంచి వచ్చే ప్రకాశం, పలుచని రేకులోంచి వచ్చే ప్రకాశంతో పోల్చితే, పెరుగుతూ పోతుంది. ఫలానా వేడిలోని ప్లాస్మా ఫలానా రేకు ద్వారా ఎంత సంకేతాన్ని ఇస్తుందో ముందే లెక్కించి గీసిన వక్రరేఖను ఆ మార్గపు ఉష్ణోగ్రతా ప్రతిస్పందన అంటారు. రెండు రేఖల నిష్పత్తిని పక్కన పెట్టుకొని, కొలిచిన నిష్పత్తి ఎక్కడ సరిపోతుందో చూస్తే వేడి తెలుస్తుంది. వేడి తెలిశాక, ప్రకాశం నుండి ప్లాస్మా పరిమాణమూ తెలుస్తుంది.

2006 సెప్టెంబరులో జపాన్ ప్రయోగించిన హినోదె ఉపగ్రహంలోని క్ష-కిరణ దూరదర్శినికి రెండు చక్రాల మీద ఇటువంటి వడపోతలు తొమ్మిది అమర్చారు. అమెరికావారి గోస్ ఉపగ్రహాల పద్ధతి ఇంకా సరళం. అవి చిత్రం తీయకుండా మొత్తం సూర్యుని క్ష-కిరణాలను రెండు పట్టీలలో కొలుస్తవి. ఆ రెండింటి నిష్పత్తి నుండే విస్ఫోటపు వేడిని అంచనా కడతారు.

ఇక్కడే సైంధవం ప్రవేశిస్తుంది. 2010 ఫిబ్రవరిలో నాసా పంపిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ సూర్యుని తీవ్ర అతినీలలోహిత కాంతిలో పలు మార్గాలలో చిత్రిస్తున్నది. వాటిలో 193 ఆంగ్‌స్ట్రాముల మార్గమొకటి. 11 ఎలక్ట్రానులు పోగొట్టుకున్న ఇనుము ఆ పట్టీలో వెలుగుతుంది. అంటే వేడి దాదాపు 15 లక్షల డిగ్రీలు. 23 ఎలక్ట్రానులు పోగొట్టుకున్న ఇనుము కూడా ఆ పట్టీలోనే వెలుగుతుంది. అంటే వేడి దాదాపు 2 కోట్ల డిగ్రీలు. ఆ మార్గపు ప్రతిస్పందన రేఖకు రెండు శిఖరాలున్నవి. చిత్రంలో ఒక మెరుపు కనబడితే అది ఉప్పా, గుఱ్ఱమా? ప్రకరణం చూడాలి. ప్రశాంతమైన సూర్యుని మీదనైతే 15 లక్షలు. విస్ఫోటం జరుగుతుండగా, తక్కిన మార్గాలు కూడా మహోష్ణానికి సాక్ష్యమిస్తుంటే 2 కోట్లు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథా అవుతుంది, భారతకథా అవుతుంది. అక్కడ కవి రెండర్థాలనూ కావాలని కూర్చాడు. సూర్యునికి అటువంటి ఉద్దేశం లేదు గనుక ఒక్కచోట ఏది పొసగుతుందో మనమే తేల్చుకోవాలి.

మరొక చిక్కు. ఇప్పటివరకు ఒకచోట ఒకే వేడి ఉన్నట్లు మాట్లాడాను. నిజానికి కిరీటం పారదర్శకం. మన చూపు సాగే దారి పొడుగునా పది లక్షల డిగ్రీలదీ, ముప్పై లక్షలదీ, కోటిదీ ఒకదాని వెనుక ఒకటి ఉండవచ్చు. అన్నీ కలిసి ఒకే చుక్కగా కనబడతవి. రెండు వడపోతల నిష్పత్తి అప్పుడు ఇచ్చేది ఒక విధమైన సగటు మాత్రమే. ఏ వేడిలో ఎంత పదార్థమున్నదో పంపకం తెలియాలంటే అనేక మార్గాలు కావాలి. అప్పుడు కూడా, ఒకటి కంటె ఎక్కువ పంపకాలు అవే కొలతలకు సరిపోవచ్చు. ప్రతి మార్గమూ విశాలమైన ఉష్ణోగ్రతల పరిధికి స్పందించడం వల్ల వాటి సాక్ష్యాలు ఒకదానిమీద ఒకటి కప్పుకుంటవి. కొలతలోని చిన్న దోషం ఫలితంలో పెద్ద తేడా తేవచ్చు. ఒకే శ్లోకానికి నాలుగు వ్యాఖ్యానాలు పొసగినట్లే ఇదీ. తప్పుడు వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చడం తేలిక. సరైనది ఒక్కటే అని నిరూపించడం కష్టం.

ప్రతిస్పందన రేఖ సైతం ఆకాశం నుండి ఊడిపడినది కాదు. కిరీటంలో ఇనుము, సిలికాను వంటివి ఏ పాళ్ళలో ఉన్నవి, ఏ వేడిలో ఏ పరమాణువు ఎన్ని ఎలక్ట్రానులు కోల్పోతుంది అన్న అంచనాల మీద అది కట్టబడింది. అంచనా మారితే రేఖ మారుతుంది. పరికరం కూడా ముసలిదవుతుంది. హినోదె దూరదర్శిని గ్రాహకం మీదా, వడపోతల మీదా క్రమంగా సన్నని మలినపు పొర పేరుకున్నది. ఆ పొర బలహీన కిరణాలను ఎక్కువగా తింటుంది గనుక, లెక్కలోకి తీసుకోకపోతే సూర్యుడు ఉన్నదాని కంటె వేడిగా కనబడతాడు. గ్రాహకాన్ని అప్పుడప్పుడు వెచ్చజేసి మలినాన్ని తొలగించేవారు. మిగిలిన పొర మందాన్ని అంచనా కట్టి రేఖను సవరించేవారు. కంట శుక్లం వచ్చి శస్త్రచికిత్స చేయించుకున్న నా వంటివానికి ఈ మాట సులభంగానే బోధపడుతుంది. ముందు మన కంటి దోషాన్ని కొలిచి, తరువాతనే లోకం రంగు గురించి మాట్లాడాలి.

ఇంత శ్రమ ఎందుకంటే ఆ పిల్ల మొదటి ప్రశ్న ఇంకా తీరలేదు గనుక. కిరీటానికి శక్తి సూర్యుని అయస్కాంత క్షేత్రాల నుండి అందుతున్నదన్నంతవరకు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఏ విధంగా అందుతున్నదన్నది వివాదం. తరంగాలుగా పైకి వచ్చి కరుగుతున్నదని ఒక పక్షం. పెనవేసుకున్న బలరేఖలు తెగి కలిసేటప్పుడు లెక్కలేనన్ని చిట్టి విస్ఫోటాలుగా విడుదలవుతున్నదని, 1988లో యూజీన్ పార్కర్ ప్రతిపాదించిన పక్షం మరొకటి. రెండవదే నిజమైతే, ప్రశాంతంగా కనబడే చోట కూడా 50 లక్షల నుండి కోటి డిగ్రీల దాకా వేడిగల ప్లాస్మా అతి కొద్దిగా, మినుకుమినుకుమంటూ ఉండాలి. ఆ కొద్దిపాటి కాంతి నిజమా, లేక రేఖలోని దోషమా అన్నది మందపు వడపోతల ప్రతిస్పందన ఎంత సరిగా తెలుసునన్న దాని మీదనే ఆధారపడుతుంది. ఎనభై యేళ్ళ పైబడిన సమస్య తీర్పు ఒక లోహపు రేకు మందం దగ్గర ఆగి ఉన్నదన్న మాట.

మనవారూ ఈ పనిలో ఉన్నారు. 2019 జూలై 22న శ్రీహరికోట నుండి వెళ్ళిన చంద్రయాన్-2లో, అహమదాబాదులోని భౌతిక పరిశోధనా సంస్థ వారు చేసిన సౌర క్ష-కిరణ పరికరం ఉన్నది. సూర్యుడు మిక్కిలి ప్రశాంతంగా ఉన్న 2019-20లో అది 98 అతి చిన్న విస్ఫోటాలను పట్టుకొని, వాటి వేడినీ శక్తినీ కొలిచింది. ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6న, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యను చేరింది. అందులోని ఏడు పరికరాలలో రెండు, సోలెక్స్, హీలియోస్ అనేవి, క్ష-కిరణాలను శక్తి వారీగా లెక్కిస్తవి. ఇవి చిత్రాలు తీయవు. సూర్యుని మొత్తాన్ని ఒక్క చుక్కగా చూస్తవి. కాని ఒక్కొక్క కిరణపు శక్తినీ విడిగా కొలుస్తవి గనుక, రెండు మూడు జల్లెడలకు బదులు గింజ గింజనూ తూచినట్లు. చిత్రమున్నచోట వర్ణపటం ముతక, వర్ణపటమున్నచోట చిత్రం లేదు. రెంటినీ కలిపి చదువుకోవలసిందే.

ఎవరన్న పోయి చూసిండ్రా అన్నదానికి మాత్రం ఆనాడే సమాధానం చెప్పాను. మనుషులు పోలేదు. పార్కర్ పేరనే ఉన్న నౌక 2021 ఏప్రిల్‌లో కిరీటపు పై అంచులోకి ప్రవేశించింది. (ఆ తరువాత, 2024 డిసెంబరు 24న, సూర్యునికి 61 లక్షల కిలోమీటర్ల దూరం దాకా వెళ్ళింది.) కాని క్ష-కిరణాలలో మెరిసే బలరేఖల తోరణాలు ఇంకా చాలా లోతున, బింబాన్ని అంటుకొని ఉన్నవి. అక్కడికి ఏ నౌకా పోలేదు. అక్కడి సంగతి చదువుకొని తెలుసుకోవలసినదే.

ఇక మిత్రులకొక విన్నపం. టెంపరేచర్ రెస్పాన్స్‌కు "ఉష్ణోగ్రతా ప్రతిస్పందన" అన్నాను, సరిపోతుందనుకుంటాను. ఎమిషన్ మెజర్‌కు "ఉద్గార మానం" అనవచ్చు. ఏ వేడిలో ఎంత పదార్థమున్నదో చెప్పే డిఫరెన్షియల్ ఎమిషన్ మెజర్‌కు మాత్రం నాకు మంచి మాట తట్టలేదు. "ఉష్ణవిభాజితోద్గారమానం" అని సమాసం కట్టగలను, కట్టాను కూడా. పదో తరగతి పిల్ల నోరు తిరగని మాట మాట కాదు గనుక కొట్టివేశాను. "వేడివారీ పంపకం" అన్నది ప్రస్తుతానికి నా చిత్తుప్రతిలో ఉన్నది. ఇంతకంటె తేటైనది ఎవరికైనా తోస్తే తెలుపగలరు. వచ్చే నెల నాగర్‌కర్నూలులో పిల్లలకు పాఠం చెప్పేలోగా అయితే మరీ సంతోషం.